బుడ్డలు పడని బిడ్డ

ఇప్పటికీ ఏ పొట్లం కొన్నా నేను ముందు దాన్ని వెనక్కి తిప్పి చూస్తాను. ముందువైపు బొమ్మ ఎంత ముచ్చటగా ఉన్నా నాకు అక్కర్లేదు. వెనకాల చీమ తలకాయంత అక్షరాల్లో ఏమేం కలిపారో రాసి ఉంటుందే, అది మొదటి నుంచి చివరిదాకా చదివితేగాని బుట్టలో వేయను. కర్నూలులో ఆ రోజుల్లో నన్ను చూసి నవ్వుకున్న కొట్లవాళ్లు చాలామందే ఉన్నారు. నవ్వుకోనీ అనుకునేదాన్ని. వాళ్ల పిల్లలకెవరికీ తింటూ తింటూ ఊపిరి ఆగిపోలేదు కదా.

మా పాపకు వేరుశనగ పడదు. నా పుట్టిల్లు కమలాపురం దగ్గర. మా వైపు వాటిని శెనక్కాయలంటాం. అత్తగారిది నందికొట్కూరు. అక్కడ బుడ్డలంటారు. ఏ పేరుతో పిలిచినా మా సీమలో అవి లేని వంటిల్లు లేదు. పచ్చడి నూరితే అందులో అవే. కూర చిక్కబడాలంటే వాటి పొడే. పిల్లలు పేచీ పెడితే వేయించి, బెల్లం ముక్క జోడించి చేతిలో పోసేవీ అవే. పైగా మా అత్తగారింట్లో బుడ్డల వ్యాపారం. మామగారు పోయాక బావగారు మండీ చూసుకునేవారు. ఇంటి ముందర రెండు గదుల నిండా మూటలు, మెట్ల కింద పొట్టు, ఇల్లంతా అదే వాసన. పెళ్లయిన కొత్తలో నా చీరలకు కూడా ఆ వాసన పట్టేది. అలాంటి ఇంట్లో బుడ్డలు పడని పిల్ల పుట్టిందంటే ఎవరు నమ్ముతారు? మొదట నేనే నమ్మలేదు.

రెండువేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్లయి ఉంటుంది. పాపకు రెండు నిండాయి. నందికొట్కూరు వెళ్లినప్పుడు మా అత్తమ్మ బుడ్డల ఉండ చిదిపి, చిటికెడు దాని నోట్లో పెట్టింది. కాసేపటికి పాప మూతి చుట్టూ ఎర్రగా దద్దుర్లు లేచాయి. వాంతి చేసుకుంది. వేడి చేసిందన్నారు, మజ్జిగ తాగించారు, తగ్గిపోయింది. ఆ తర్వాత కొన్ని నెలలకు కర్నూలులో మా పక్కింటివాళ్లు ఇడ్లీలోకి పచ్చడి ఇస్తే అది నాకింది. ఈసారి కళ్లు వాచిపోయాయి, గొంతులో పిల్లికూతలు మొదలయ్యాయి. ఎత్తుకుని పిల్లల డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. ఆయన అంతా విని, రక్తపరీక్ష చేయించి, బల్ల మీద చేతులు పెట్టుకుని నెమ్మదిగా చెప్పాడు. దీన్ని అలర్జీ అంటారు, ఒక్కోసారి గొంతు మూసుకుపోతుంది, మందు లేదు, పెట్టకుండా ఉండటమే మందు అన్నాడు. పొడి, పిండి, నూనె, ఏ రూపంలోనూ వద్దన్నాడు.

"మా వంశంలో ఎవరికీ లేదే డాక్టరుగారూ" అన్నారు మావారు.

"ఇప్పుడుంది కదప్పా" అన్నాడాయన.

ఇంటికి వచ్చి ఆ సాయంత్రమే నూనె డబ్బా పక్కింటివాళ్లకు ఇచ్చేశాను. పొద్దుతిరుగుడు నూనె పాకెట్లు తెప్పించాను. మిక్సీ గిన్నెలు మార్చాను. నందికొట్కూరు వెళ్లవలసి వస్తే పాప అన్నం నా ఇంటినుంచే కారియరులో వచ్చేది. ఇదంతా చేస్తూ అత్తమ్మకు మాత్రం ఒకే మాట చెబుతూ వచ్చాను. "బుడ్డలు పెట్టొద్దండీ, బుడ్డలు తగలనీయొద్దండీ" అని. నూరుసార్లు చెప్పాను. నూనె మాట ఒక్కసారీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని నన్ను నేను చాలాసార్లు అడుక్కున్నాను. తట్టలేదు, అంతే.

మా అత్తమ్మ గురించి చెప్పాలి. మాటలతో ముద్దు చేయడం ఆమెకు రాదు. మనవరాలిని బంగారమనీ బుజ్జి అనీ పిలవగా నేను వినలేదు. ఆమె ప్రేమంతా చేతిలోనే. మండీకి మూటలు వేసుకొచ్చిన రైతు వెంట చిన్నపిల్ల కనబడిందంటే లోపలికి పిలుచుకుపోయి చేతిలో ఏదో ఒకటి పెట్టనిదే పంపేది కాదు. అది ఆ ఇంటి పద్ధతి. వాళ్ల అత్తనుంచి వచ్చిందట. పిల్లలు ఉత్త చేతులతో గడప దాటకూడదు. అలాంటి మనిషికి సొంత మనవరాలికి ఏం పెట్టాలో తెలియక చెయ్యి ఆడని రోజులు వచ్చాయి.

పాపను బళ్లో వేశాక ఇంకో చిక్కు వచ్చిపడింది. ఇంటర్వెల్లో పిల్లలందరూ డబ్బాలు తెరిచి ఒకరిది ఒకరు తింటారు. టీచరుకు చెప్పి, పాపను వాళ్లందరిలోంచి కొంచెం ఎడంగా కూర్చోబెట్టించాను. తరగతిలో పక్కన కూర్చునే పిల్లకెవరో హైదరాబాదునుంచి కాగితంలో చుట్టిన బార్లు తెచ్చారట. ఓట్స్, పండ్లు కలిపి చేసి పొడుగ్గా కోసినవి. మా పాప ఇంటికొచ్చి తనకూ అవే కావాలంది. దాంట్లో ఏముందో ఎవరికి తెలుసు? వద్దన్నాను. అది చెప్పులు కూడా విప్పకుండా గడపలో కూర్చుని ఏడ్చింది.

ఆ సంగతి విని అత్తమ్మ నందికొట్కూరు నుంచి బస్సెక్కి వచ్చింది. "కాగితంలో సుట్టిందే కదా కావాల్సింది? నేను చేస్తా" అంది. కొర్రలు, సజ్జలు దోరగా వేయించి రవ్వలా విసరాలి. నువ్వులు, ఎండుఖర్జూరం, గుమ్మడి గింజలు కలపాలి. బెల్లం పాకం పట్టి, తట్టలో పరిచి, ఆరాక పొడుగ్గా కోయాలి. ఇద్దరం కూర్చుని ఏమేం వేయొచ్చో ఒక్కొక్కటీ తేల్చుకున్నాం. జీడిపప్పు కూడా వద్దన్నాను. "సరే, వద్దు" అంది. ఏది వద్దన్నా ఎందుకని అడగలేదు.

ఆమె దాన్ని మడి వంటలా చేసింది. కొత్త బాణలి కొంది. కొత్త రోలు, కొత్త తిరగలి. వాటిని మండీ గాలి తగలకుండా మిద్దె మీద గదిలో గుడ్డ కట్టి పెట్టింది. తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, బుడ్డల మూటలున్న గదివైపు తొంగి చూడకుండా పైకి వెళ్లేది. ఆ పని అయ్యేదాకా ఎవరినీ మెట్లెక్కనిచ్చేది కాదు. బావగారు ఒకసారి చొక్కాకు పొట్టుతో పైకి పోబోతే ఇల్లెగిరిపోయేలా అరిచిందట. "ఆ పొట్టు యాడ పోయి తగుల్తాదో నీకేం తెలుసప్పా! దిగు కిందికి!" అందట. పేరున్న వ్యాపారి ఆయన, నలభై ఏళ్లు దాటిన మనిషి. మారుమాటాడకుండా దిగి వచ్చాడని తోడికోడలు చెప్పి నవ్వింది.

మొదటి డబ్బా ఆమే స్వయంగా కర్నూలు తెచ్చింది. ఒక్కొక్క ముక్కా తెల్ల కాగితంలో చుట్టి, రెండు కొసలూ మెలితిప్పి ఉంది. పాప బడినుంచి రాగానే డబ్బా చూసి ఎగిరింది. అత్తమ్మ చేతులు కడుక్కుని, ఒక కాగితం విప్పి, ముక్క తుంచి దాని నోట్లో పెట్టింది. మూడో ముక్క నమిలి మింగాక పాప మెడ తడుముకుంది.

"అవ్వా, గొంతులో చీమలు పాకుతాండాయి" అంది.

తర్వాత జరిగింది నాకు వరసగా గుర్తులేదు. స్కూటరు మీద నా ఒళ్లో పాప, దాని పెదవులు నీలం తిరగడం, డాక్టరు తొడకు సూది వేయడం, మావారు గోడకు తలానించి నిలబడటం మాత్రం గుర్తున్నాయి. ఎంతసేపు పట్టిందో తెలియదు. పాప గట్టిగా ఏడ్చింది. ఏడుపంటే ఊపిరి ఉన్నట్టే.

వెనకాలే ఆటోలో వచ్చిన అత్తమ్మ ఆసుపత్రి వరండాలో బల్ల అంచున కూర్చుని ఉంది. నేను అడగకుండానే తానేం చేసిందో మొదటినుంచి చెప్పుకొచ్చింది. "కొర్రలు మూడుసార్లు కడిగినా. బాణలి కొత్తది. రోలు కొత్తది. నీళ్లు గూడా బోరింగు కాడికి పోయి పట్టుకొచ్చినా. పాకం అంటుకోకుండా తట్టకు రవ్వంత నూనె పూసినా. అంతే కదమ్మా. యాడా బుడ్డగింజ లేదు."

"ఏ నూనె?" అన్నాను.

"ఏ నూనేంది? ఇంట్లో నూనే."

ఆ ఇంట్లో నూనె అంటే ఇంటి బుడ్డల్ని గానుగకు పంపి ఆడించిన నూనె. తరాలుగా అదే వాడుతున్నారు. అది బుడ్డలనుంచి వచ్చిందని ఆమెకు తెలియక కాదు. పాలు చూస్తే గేదె గుర్తురానట్టే, నూనె చూస్తే ఆమెకు బుడ్డ గుర్తురాలేదు. ఇదంతా ఇప్పుడు ఇంత నిదానంగా రాస్తున్నాను. అప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. పెళ్లయిననాటినుంచి ఆమెను మీరు అనే పిలిచాను. ఆ వరండాలో మొదటిసారి ఆ మర్యాద తప్పాను.

"ఇంక నీ చేత్తో నా బిడ్డకు ఏమీ పెట్టొద్దు" అన్నాను.

నూనె మాట తనకు ఎవరూ చెప్పలేదని ఆమె అనొచ్చు. అనలేదు. ఆమె తల ఊపి, కొంగు భుజం చుట్టూ లాక్కుంది.

ఆ మాటను ఆమె అక్షరాలా పాటించింది. నేను కోపంలో నోరు జారాను. ఆమె దాన్ని ఆజ్ఞగా తీసుకుంది. తర్వాత మూడేళ్లలో మా ఇంటికి ఎన్నిసార్లు వచ్చినా పాపకు మంచినీళ్లు కూడా అందించలేదు. "అవ్వా, నీళ్లు" అని అడిగితే, పక్కనే కూజా ఉన్నా, "అమ్మనడుగు తల్లీ" అనేది. గుడికి వెళ్తే పూజారి ఇచ్చిన కొబ్బరిముక్క నా చేతిలో పెట్టి, "నువ్వు చూసి ఇయ్యి" అనేది. పక్కింటి పిల్లలు వస్తే సంచిలోంచి తీసి వాళ్లకు ఏదో పెట్టేది. వాళ్ల పక్కనే మా పాప నిలబడి చూసేది. ఒకరోజు అది నన్నడిగింది, "అవ్వకు నేనంటే ఇష్టం లేదా?" అని. "ఉంది, పో, ఆడుకో" అన్నాను.

ఆ మాట వెనక్కి తీసుకోవడానికి నాకు కొల్లలుగా సందర్భాలు వచ్చాయి. తీసుకోలేదు. మొదట భయం. తర్వాత భయం కూడా కాదు, సుఖం. ఒక మనిషిని కనిపెట్టుకుని ఉండే పని తప్పింది కదా, అలాగే ఉండనీ అనుకున్నాను. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది.

ఈలోగా కర్నూలులో చల్లగాలి మిషన్లు పెట్టిన పెద్ద కొట్టు ఒకటి తెరిచారు. అందులో ఒక వరసంతా ఇలాంటి బార్లే. నేను మధ్యాహ్నాలు వెళ్లి ఆ వరస ముందు నిలబడేదాన్ని. ఒకదాని మీద ఆరోగ్యమని పెద్ద అక్షరాలు, వెనక చూస్తే సగం చక్కెర. ఇంకోదాంట్లో నట్స్ అని ఒక్క మాట రాసి ఊరుకున్నారు, ఏ నట్సో చెప్పలేదు. మరోదాంట్లో ఖాద్య తైలం అని ఉంది. ఏ తైలమో వాళ్లకూ దేవుడికీ తెలియాలి. అప్పట్లో ఇది పడనివాళ్లు జాగ్రత్త అని రాసే అలవాటు మన పొట్లాల మీద ఇంకా రాలేదు. బిల్లు వేసే ఆయన నన్ను చూసి, "ఏమ్మా, పరీచ్చలకు చదవతాండారా?" అన్నాడు. "అవునప్పా, తప్పితే పాప ప్రాణం పోతాది" అన్నాను. పాపం, ఆయన నవ్వు ఆగిపోయింది. ఆ తర్వాత కొత్త సరుకు వస్తే ఆయనే తీసి చూపించేవాడు.

చివరికి ఒకటి దొరికింది. పచ్చ కాగితం. ఓట్స్, ఖర్జూరం, తేనె, గుమ్మడి గింజలు, పొద్దుతిరుగుడు నూనె. ప్రతిదీ పేరుపెట్టి రాశారు. చక్కెర తక్కువ. అయినా మొదటిరోజు గోరంత ముక్క పెట్టి గంటసేపు పాప ముఖంలోకి చూస్తూ కూర్చున్నాను. ఏమీ కాలేదు. రెండోరోజు సగం. ఏమీ కాలేదు. ఇక మా ఇంట్లో అదే చిరుతిండి అయింది. పాప బడి డబ్బాలోకి అదే, మావారి ఆఫీసు సంచిలోకి అదే. పిల్ల ఒక్కతే తింటే వేరుగా పెట్టినట్టవుతుందని నేను కూడా టీలోకి అదే తినేదాన్ని. ఏడాది పైగా నడిచింది. మొదటి నెలల్లో ప్రతి పొట్లమూ తిప్పి చదివాను. తర్వాతర్వాత పచ్చ కాగితం చూసి బుట్టలో వేసుకోవడం మొదలుపెట్టాను.

ఆ రోజు ఎండాకాలం, మధ్యాహ్నం మూడు గంటలు. అత్తమ్మ పంటి డాక్టరుకు చూపించుకోవాలని వచ్చి మా ఇంట్లో ఉంది. పాప నేల మీద బోర్లా పడుకుని బొమ్మకు రంగులు వేస్తోంది. చేతులనిండా రంగు. ఆకలంటే, నేనే కాగితం చింపి, దాని నోటికి అందించాను. రెండుసార్లు కొరికింది. మూడోసారి అందిస్తూ వీధిలో కూరగాయల బండి కేక విని కిటికీవైపు తల తిప్పాను.

"పాప పెదివి చూడు" అంది అత్తమ్మ.

గదికి ఆ చివర కుర్చీలో ఉంది ఆమె. పక్కన ఉన్న నాకు ఇంకా ఏమీ కనబడలేదు. "ఏం లేదండీ, రంగంటింది" అన్నాను.

"రంగు గాదు. ఎత్తు బిడ్డను!"

అప్పటికే ఆమె లేచి వీధిలోకి పరుగెత్తింది. చెప్పులు వేసుకోలేదు. కర్నూలు ఎండలో తారురోడ్డు ఎలా కాలుతుందో ఆ ఊళ్లో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. నేను పాపను ఎత్తుకుని గుమ్మం దాటేసరికి ఆమె రోడ్డు మధ్యలో చేతులు చాపి నిలబడి ఒక ఆటోను ఆపేసింది. అందులో ఉన్నవాళ్లను దింపేసింది కూడా. ఆటోలో పాప గొంతునుంచి పిల్లికూతలు వచ్చాయి. అదే ఆసుపత్రి, అదే డాక్టరు, అదే సూది.

పాప ఊపిరి కుదుటపడ్డాక వరండాలోకి వచ్చి చూసుకుంటే ఆ కాగితం నా పిడికిట్లోనే నలిగి ఉంది. విప్పి చదివాను. అదే పచ్చ రంగు. మూలన వేలెడంత పసుపు పట్టీ మీద కొత్త రుచి అని రాసి ఉంది. వెనకాల, తేనె తర్వాత, వేరుశనగ. దాచిపెట్టలేదు. అందరికీ కనబడేటట్టే రాశారు. చదువుకున్నదాన్ని నేను. చదవలేదు.

అత్తమ్మ పక్కన కూర్చుని ఉంది. అరికాళ్లు ఎర్రగా బొబ్బలెక్కాయి.

"దాంట్లో ఉండాదా?" అంది.

"ఉంది" అన్నాను.

ఇక అంటుందని ఎదురుచూశాను. అనాలని కూడా కోరుకున్నాను. ఇదే బల్ల మీద ఆమె నా ముందు కూర్చున్నరోజు నేనేమన్నానో ఇద్దరికీ గుర్తుంది. ఆమె కొంగుతో నా మెడ మీద చెమట తుడిచింది. "శానా భయపడినావు. కూచో. నీళ్లు తాగు" అంది.

"మూడేళ్లనుంచి అది తినేటప్పుడల్లా మీరు దాని నోరే చూస్తున్నారు కదా?" అన్నాను.

"పెట్టేదానికి లేకపాయె. చూసేదానికేమి?" అంది.

నాకు ఏడుపు ఆగలేదు. ఆ రోజు నేనన్న మాట తప్పన్నాను. నూనె సంగతి చెప్పనిది నేనేనన్నాను. ఇన్నాళ్లూ అది తెలిసీ ఊరుకున్నానన్నాను. ఆమె వింటూ కూర్చుంది. "నువ్వు చెప్పకపోయినా నాకు తెలిసుండాల్సింది. బుడ్డలింట్లో పుట్టి బుడ్డలింటికే వచ్చినదాన్ని" అంది.

సాయంత్రానికి డాక్టరు పాపకు మెత్తగా ఏదైనా పెట్టమన్నాడు. కబురు విని వచ్చిన మావారు ఇంటికెళ్లి, మా వంటింట్లోనే ఇడ్లీలు చేసి తెచ్చారు. నేను పళ్లెంలో రెండు పెట్టి అత్తమ్మకు ఇచ్చాను.

"ఈరోజు మీరు పెట్టండి" అన్నాను.

ఆమె వరండా చివర కుళాయి దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కుంది. సబ్బు పెట్టి మళ్లీ కడుక్కుంది. వచ్చి మంచం పక్కన కూర్చుని, ఇడ్లీ చిన్న ముక్క తుంచింది. పాప నోరు తెరిచింది. ఆమె చెయ్యి సగందాకా వెళ్లి ఆగిపోయింది. పాప నోరు తెరిచే ఉంచి ఆమె ముఖంలోకి చూస్తోంది. ఆమె ముక్కను మళ్లీ పళ్లెంలో పెట్టేసింది.

"నా వల్ల కాదమ్మా. నా చెయ్యంటే నాకే భయమైతాంది. నువ్వే పెట్టు" అంది.

పళ్లెం నా చేతికి తిరిగిచ్చింది. మూడు గంటల కిందట ఈ చేత్తోనే ఆ పిల్ల నోట్లో ప్రాణం తీసేది పెట్టాను. ఆ సంగతి తెలిసీ, అత్తమ్మ ఏ అనుమానమూ లేకుండా ఇదే చేతిని నమ్మింది. నేను ఒక్కొక్క ముక్కా తుంచి పాపకు పెట్టాను. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని, పాప పెదవులకేసి చూస్తూ కూర్చుంది.